మాదిరి పిల్లలు

సూరత్‌లో మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాల పిల్లల కోసం లింబాయత్‌లో నడుస్తున్న ఒక ప్రాథమిక పాఠశాలలో, ఉపాధ్యాయులందరినీ భవిష్యత్తుకు సిద్ధం చేయాలని 2020 జూలైలో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ఆ నెలలో వర్తమానం ఎవరికీ అందుబాటులో లేదు. బడికి తాళం ఉంది. సగం మగ్గాలకు తాళం ఉంది. నోళ్లకు గుడ్డ ఉంది. తెరిచి ఉన్నది భవిష్యత్తు ఒక్కటే కనుక పెద్దలు అందులోకే వెళ్లాలని నిర్ణయించడంలో వింతేమీ లేదు.

పాఠశాలను నడిపే సంఘానికి సోమలింగం అధ్యక్షుడు. ఆయన తండ్రి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి మగ్గం నడిపాడు. సోమలింగం రింగ్ రోడ్‌లో టోకు చీరల దుకాణం నడుపుతున్నాడు. అందువల్ల విద్యారంగం మీద ఆయనకు మొదటినుంచీ గట్టి అభిప్రాయాలున్నాయి. ఫోన్ తెరమీద జరిగిన ఆ సమావేశంలో, వెనక చీరల మూటలు కనబడుతుండగా, ఆయన ఇలా ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా! ఇయ్యాల మార్కెట్ల ఒక డిజైన్ నెల దినాలు నిలుస్తలేదు. చీరకే గింత స్పీడుంటె చదువుకు ఎంతుండాలె? మన టీచర్లు ఇంకా చాక్‌పీసు పట్టుకొనే తిరుగుతున్నరు. చాక్‌పీసుతోని భవిష్యత్తు రాస్తరా? అందుకే అందరికీ ట్రైనింగ్ ఇప్పిస్తున్నం. ఆఖర్ల పరీక్ష ఉంటది. ఫ్యూచర్‌కు పనికొచ్చెటోళ్లు ఉంటరు. మిగిలినోళ్లను ఇజ్జత్‌గా సాగనంపుతం. శాలువ ఖర్చు నాదే!"

అందరూ చప్పట్లు కొట్టారు. మైకులు మూసి ఉన్నందున చప్పట్లు వినబడలేదు గానీ కనబడ్డాయి.

మూడో తరగతి టీచరు స్వరాజ్యం కూడా చప్పట్లు కొట్టింది. ఆమె భర్త రవీంద్ర పనిచేసే మగ్గాల కార్ఖానాను మార్చిలో మూసిన సేఠ్ ఇంకా తెరవలేదు, తెరిచే ఉద్దేశమూ కనబడలేదు. ఆ ఇంట్లోకి వస్తున్నది ఆమె జీతం, అదీ సగమే. ఆమె తన ఉద్యోగ జీవితంలో చాలా శాలువాలు చూసింది. శాలువా కప్పించుకున్నవాళ్లు మళ్లీ గేటు లోపలికి రావడం మాత్రం చూడలేదు. చప్పట్లు కొడుతున్నప్పుడు తన భుజాలు వాటంతటవే వెనక్కి ముడుచుకోవడం ఆమె తెరమీద గమనించింది. మనిషి తన భయాన్ని తానే ఎదురుగా చూసుకునే వీలు కల్పించడం ఆ సాంకేతికత చేసిన మొదటి మేలు.

శిక్షకుడిగా వెంకటాచలం నియమితుడయ్యాడు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కామ్‌రేజ్ వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఉంటాడు. భవిష్యత్తును చాలా దగ్గరగా చూసినవాడని ప్రతీతి. పిల్లలకు ఎన్నడూ పాఠం చెప్పి ఉండకపోవడం వల్ల ఆయనకు బోధన మీద ఎటువంటి దురభిప్రాయాలూ లేవు.

"ముందుగా మీరు మానుకోవలసింది పిల్లల్ని చూడడం," అని ఆయన మొదటి రోజునే చెప్పాడు. "తెరమీద పిల్లవాడి ముఖం కింద ఉంటుంది. కెమెరా పైన ఉంటుంది. మీరు పిల్లవాణ్ణి చూస్తే వాడికి మీరెటో చూస్తున్నట్టు ఉంటుందండీ. కెమెరాను చూస్తే వాణ్ణే చూస్తున్నట్టు ఉంటుంది. అంచేత వాణ్ణి చూడడం పూర్తిగా మానేసినప్పుడే, మీరు చూస్తున్నారన్న నమ్మకం వాడికి కలుగుతుంది."

ఈ సూత్రాన్ని ఇంటా బయటా చాలాకాలంగా పాటిస్తున్నవాళ్లకు కొత్తదనం కనబడకపోవచ్చు. ఉపాధ్యాయులకు మాత్రం వారం పట్టింది.

తర్వాత సానుభూతి నేర్పారు. తల కొద్దిగా ఎడమకు వంచి, కనుబొమలు పైకెత్తి, మనసులో మూడు లెక్కపెట్టి, "నాకు అర్థమైంది" అనాలి. ఏం అర్థమైందో చెప్పనక్కరలేదు. ఫోన్‌లో ఉన్న ఒక యాప్ వాళ్ల ముఖాలను చూసి ఆప్యాయతకు మార్కులు వేసేది. అందరికన్నా చిన్నదైన హారతికి నూటికి తొంభై వచ్చాయి. ఆమె ఒకటో తరగతి టీచరు. పుట్టి పెరిగిందే సూరత్‌లో. ఆమె ముఖం తనకు తెలియకుండానే కెమెరావైపు తిరిగి ఉండేది. లెక్కలు చెప్పే బ్రహ్మచారి అనే మాస్టారికి పన్నెండు వచ్చాయి. ఆయన మీసం గుబురుది.

"ఏందిది సార్? నేను మంచిగనే నవ్విన గదా!"

"నవ్వారండీ. కానీ మీసం కింద నవ్వును యాప్ గుర్తించడం లేదు."

"అయితె మీసం తీసెయ్యమంటరా?"

"మీ ఇష్టం. నేను భవిష్యత్తు తరఫున మాట్లాడుతున్నాను, అంతే."

మర్నాడు బ్రహ్మచారి మీసం లేకుండా హాజరయ్యాడు. ఆయన భార్య పద్మజ వంటింట్లోంచి చూసి, తెరలోకి ఎవరో పరాయి మనిషి వచ్చాడనుకుని కొంగు సవరించుకుంది. మార్కులు నలభైకి పెరిగాయి.

ఇక మాదిరి పాఠం. దీనికి పిల్లలు కావాలి. ప్రతి విద్యార్థికి ఒక స్మార్ట్‌ఫోన్, ఒక నిశ్శబ్దమైన గది, వెలుతురు ముఖం మీద పడే ఒక కిటికీ ఏర్పాటు చేయవలసిందిగా తల్లిదండ్రులను కోరుతూ సంఘం ప్రకటన పంపింది. ఇంటికొక్క గది ఉన్నవాళ్లకు ప్రకటన చేరింది. ఫోన్ ఉన్నవాళ్లు దానిని చదివి, జేబులో పెట్టుకుని మగ్గానికి వెళ్లిపోయారు. కొందరు అప్పటికే సిరిసిల్లకు తిరిగి వెళ్లిపోయారు. నిర్ణయించిన సమయానికి ఉపాధ్యాయులందరూ తలలు ఎడమకు వంచి సిద్ధంగా ఉన్నారు. పిల్లలెవరూ రాలేదు.

వెంకటాచలం ఏమాత్రం చలించలేదు. విద్యావ్యవస్థలో పిల్లలు మొదటినుంచీ నమ్మదగని అంశమేనని, ఉపాధ్యాయుల తయారీని వారిమీద ఆధారపడనివ్వడం మంచిది కాదని తన నివేదికలో రాశాడు. అప్పుడు బ్రహ్మచారి ఒక సంప్రదాయాన్ని గుర్తుచేశాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఎవరికైనా అది తెలిసినదే. శిక్షణ కాలేజీలో మాదిరి పాఠం చెప్పేటప్పుడు తోటి అభ్యర్థులే బెంచీల మీద పిల్లలుగా కూర్చుంటారు. ఇద్దరు బిడ్డల తల్లి చిటికెన వేలెత్తి "టీచర్, బయటికి" అంటుంది. పొట్ట వచ్చిన పెద్దమనిషి ఆవుకు ఎన్ని కాళ్లో తెలియక బిక్కమొహం వేస్తాడు. ఈ దేశంలో తరతరాల ఉపాధ్యాయులు అలాగే తయారయ్యారు. కాబట్టి అదే పద్ధతిని తెరమీదకు తెచ్చారు. ఒకరు పాఠం చెప్తారు, తక్కినవాళ్లు పిల్లలవుతారు. వాస్తవికత కోసం ఒక్కొక్కరికి మూడో తరగతి పిల్లల్లో ఒక్కొక్కరి పేరు కేటాయించారు. బ్రహ్మచారి దినేశ్ అయ్యాడు. నాలుగో తరగతి చెప్పే ముసలి మాస్టారు లక్ష్మీరాజం ఓంకార్ అయ్యాడు. స్వరాజ్యానికి హిమశ్రీ వచ్చింది.

బ్రహ్మచారి పాత్రలోకి దిగిన తీరు చూసి అందరూ ముచ్చటపడ్డారు. నలభై ఏళ్లుగా లోపల అణిగి ఉన్నదేదో పైకి లేచింది.

"టీచర్! టీచర్! ఓంకార్‌గాడు నా పెన్సిల్ తీస్కున్నడు!"

ఓంకార్ వేషంలో ఉన్న లక్ష్మీరాజం నాలుగు కిలోమీటర్ల దూరంలో తన ఇంట్లో కూర్చుని ఉన్నాడు. అయినా ఆయన ఉలిక్కిపడి తన బల్ల మీద వెతికాడు.

"నేను తియ్యలే టీచర్, అమ్మ తోడు!"

వంటింట్లోంచి పద్మజ గొంతు వినిపించింది. "ఓ సార్! పెన్సిల్ తర్వాత దొరకబడ్తది గని, గ్యాస్ నెంబర్ పెట్టిన్రా లేదా?"

స్వరాజ్యం పరిస్థితి అంత బాగా లేదు. ఆమె అడిగినవన్నిటికీ సరైన సమాధానాలు చెప్పేసింది. వెంకటాచలం పాఠం ఆపించాడు.

"స్వరాజ్యం గారూ, మీరు ఇలా అన్నీ తెలిసినట్టు ఉంటే ఎదుటివారి బోధనా నైపుణ్యం బయటపడేదెలా? పిల్లలన్నాక తప్పులు చేయాలి. మరీ ఎక్కువా కాదు. నూటికి ముప్పై తప్పులు ఆరోగ్యకరం. మీరు ఆ పాప మనస్తత్వంలోకి వెళ్లడం లేదు. వెళ్లండి."

స్వరాజ్యం చెప్పిన పని చేసే మనిషి. మనస్తత్వంలోకి వెళ్లమన్నారు కనుక, మరుసటి ఆదివారం మాస్కు కట్టుకుని ఆ మనస్తత్వం ఉండే కోసాడ్‌కు వెళ్లింది. హిమశ్రీ వాళ్లు లింబాయత్‌లో కిరాయి కట్టలేక, ఊరి కొసన కోసాడ్ సర్కారీ క్వార్టర్లలో ఉన్న నాయనమ్మ దగ్గరికి చేరారు. మూడో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. గది నిండా పరిచిన చీరకు ఒక కొసన నాయనమ్మ బాలవ్వ, మరో కొసన హిమశ్రీ కూర్చుని, గమ్ముతో మెరుపు రాళ్లు అంటిస్తున్నారు.

"ఎవలు? కరోనా సర్వేనా?" అంది బాలవ్వ.

"నేనవ్వా. స్వరాజ్యం టీచర్ని."

"మూతికి గుడ్డ కడ్తె అందరొక్కతీర్గనే కనవడ్తున్రు. రా బిడ్డా, రా. ఆ చీర మీద కాలు పెట్టకు, సేఠ్ లొల్లి చేస్తడు."

హిమశ్రీ లేచి నిలబడి, వేళ్లకు అంటుకున్న గమ్ము కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకుని, తరగతిలో అందరూ కలిసి పాడే రాగంలో ఒక్కతే "నమస్తే టీ...చర్" అంది. తర్వాత బడి తెరిచారేమోనని మామూలు గొంతుతో అడిగింది.

"ఇస్కూల్ ఖులిందా టీచర్? నాకు చదువు చెప్పనీకె వచ్చిండ్రా?"

"కాదు బిడ్డా. నిన్ను చూసి పోదామని వచ్చిన. ఫోన్ల క్లాసైతుంది గదా, అండ్ల పిల్లలు లేరు. అందుకని నీ లెక్క నేను కూసుంటున్న. నువ్వెట్ల మాట్లాడ్తవో, ఎట్ల కూసుంటవో జర చూస్త."

హిమశ్రీ టీచరును కిందినుంచి పైదాకా చూసింది.

"అంటే మీరు నేనా?"

"క్లాసుల వరకే."

"మరి నేనెవరు?"

"నువ్వు పని జెయ్యి," అంది బాలవ్వ. "అటు దిక్కు రాళ్లు వంకరైతున్నయి."

స్వరాజ్యం చీర అంచు పక్కన కూర్చుని అధ్యయనం ప్రారంభించింది. జవాబు రానప్పుడు ఏం చేస్తావని అడిగింది.

"మీ చెప్పుల దిక్కు చూస్త టీచర్."

"ఎందుకే?"

"కండ్లు కలిస్తె మీరు లేపుతరు గదా. కడుపుల గుడ్‌గుడ్ అంటది. అందరం చెప్పులే చూస్తం. మీ ఎడమ చెప్పుకు వెనుక పట్టీ మారింది, ఆఖరు దినం."

తన తరగతిలో పిల్లలు తలవంచుకుని కూర్చునేది గౌరవంతో అని స్వరాజ్యం ఇన్నేళ్లుగా అనుకుంటోంది. ఇప్పుడు వచ్చిన పని వేరు కనుక ఆ సంగతి అక్కడితో వదిలేసి, తల ఎంత కోణంలో వంచాలో మరోసారి చూపించమంది. హిమశ్రీ చూపించింది. రిబ్బను కొస ఎలా నమలాలో, తప్పు చెప్పాక నవ్వును ఎలా మింగాలో కూడా ఓపికగా చూపించింది. తరగతిలో ఎన్నడూ అంత శ్రద్ధగా ఎవరూ ఆమెను గమనించలేదు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత స్వరాజ్యం హిమశ్రీగా చేసిన అభినయం గురించి సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. హారతి పాఠం చెబుతూ, "హిమశ్రీ, తొమ్మిదేడ్లు ఎంత?" అని అడిగింది. స్వరాజ్యం కిందికి చూసింది. సమాధానం ఆమెకు తెలుసు. అయినా కడుపులో ఏదో కదిలింది, అరవై మూడు అన్న మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ క్షణంలో ఆమె నటించలేదు. వెంకటాచలం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. దుకాణంలో కూర్చుని చూస్తున్న సోమలింగం కళ్లు తుడుచుకున్నాడు. "మన పిల్లలు ఎంత ముందుకు పోయిండ్రు!" అని గుమాస్తాతో అన్నాడు. అది స్వరాజ్యం టీచరని ఆయనకు తెలియక కాదు. అలా తెలిసి ఉండడం వేరు, గర్వపడడం వేరు. మనసులో ఆ రెంటికీ వేరు వేరు గదులుంటాయి, ఒకటి తెరిస్తే రెండోది మూసుకుంటుంది.

డిసెంబరులో తుది పరీక్ష జరిగింది. ప్రతి ఉపాధ్యాయుడూ సంఘం కమిటీ ముందు ఒక పాఠం చెప్పాలి. అందులో నెగ్గితే ఉద్యోగం, లేకుంటే శాలువా. ముందురోజు స్వరాజ్యం భర్తతో సంప్రదించింది.

"అందరు వేషంగాళ్లకు పాఠం చెప్తున్నరు," అంది. "నేను నిజం పిల్లకు చెప్త. అసలు పిల్లకు చెప్పి చూపిస్తె ఇంగ ఎవరన్న కాదంటరా?"

రవీంద్ర మగ్గం మనిషి. నేత నాణ్యతను గుడ్డ చూసి చెప్పాలని నమ్మేవాడు. "ఎందుకంటరు?" అన్నాడు. ఇద్దరూ చేసిన పొరపాటు ఇదే.

పరీక్ష రోజున రవీంద్ర తన ఫోన్ తీసుకుని కోసాడ్ వెళ్లి హిమశ్రీ ఎదుట పట్టుకుని కూర్చున్నాడు. తెరమీద ఒక చదరంలో హిమశ్రీ కనబడింది. వెనక గోడకు చీర వేలాడుతోంది. వెలుతురు ముఖం మీద పడలేదు. స్వరాజ్యం తీసివేత లెక్క మొదలుపెట్టింది. నలభై రెండులోంచి పదిహేడు తీయాలి. రెండులోంచి ఏడు పోదు కనుక పక్కనున్న నాలుగు దగ్గర ఒక పది తెచ్చుకోవాలని చెప్పింది. హిమశ్రీ ఏమీ అనలేదు. స్వరాజ్యం ఆగింది. తల ఎడమకు వంచలేదు. కెమెరాను చూడడం మరిచిపోయి, కింద చదరంలో ఉన్న పిల్లనే చూస్తూ ఊరుకుంది. కమిటీ సభ్యుల్లో ఒకరు తన ఫోన్ ఆగిపోయిందనుకుని మూసి తెరిచారు.

చివరికి హిమశ్రీ నోరు విప్పింది.

"మళ్ల వాపస్ ఎప్పుడియ్యాలె టీచర్?"

"ఏంది?"

"ఆ నాలుగు దగ్గర తెచ్చుకున్నం గదా, పది. దానికి మళ్ల ఇయ్యమా? అది ఊకుంటదా?"

స్వరాజ్యం నవ్వింది. మార్చి తర్వాత ఆమె గొంతెత్తి నవ్వడం అదే మొదటిసారి. పిల్లకూ నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వుతూ, నాలుగు ఎందుకు మూడైపోయిందో, ఆ పది ఎక్కడికీ పోకుండా రెండు దగ్గరే ఎలా ఉందో, అగ్గిపుల్లల కట్టలు కట్టి విప్పి తేల్చుకున్నారు. అవతల రవీంద్ర కూడా తలూపుతున్నట్టుంది, తెర పైకీ కిందికీ కదిలింది. లెక్క పూర్తయ్యేసరికి కేటాయించిన సమయం దాటిపోయింది.

వెంకటాచలం తన అభిప్రాయాన్ని ఎంతో మర్యాదగా తెలియజేశాడు.

"చూపు కెమెరాలో లేదు. చిరునవ్వు నియంత్రణలో లేదు, అది నవ్వు అయిపోయింది. సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినప్పుడు దాన్ని సున్నితంగా పక్కన పెట్టాలి, ఈవిడ లోపలికి వెళ్లిపోయారు. అన్నిటికన్నా ముఖ్యం, ఎదురుగా పాత్ర వేసిన అమ్మాయి ఎవరో గానీ హిమశ్రీ స్వభావాన్ని పట్టుకోలేకపోయింది. స్వరాజ్యం గారి హిమశ్రీలో ఉన్న చురుకు ఇందులో లేదండీ."

"సార్, ఆమెనే హిమశ్రీ," అంది స్వరాజ్యం.

"కావచ్చునండీ. నేను అభినయం గురించి మాట్లాడుతున్నాను."

భవిష్య ఉపాధ్యాయురాలిగా హారతి ఎంపికైంది. ఎంపికైన వెంటనే ఒక చిక్కు వచ్చిపడింది. మిగిలినవాళ్లందరినీ శాలువాలు కప్పి పంపేస్తే హారతి ఎవరికి పాఠం చెప్పాలి? కమిటీ దీర్ఘంగా ఆలోచించి, 'శాశ్వత అధ్యేత' అనే కొత్త హోదాను సృష్టించింది. ఉపాధ్యాయుడు ఇకముందు కూడా అదే జీతం మీద, కాకపోతే ఎదుటి బెంచీలో విద్యార్థిగా, కొనసాగవచ్చు. మొదటి నియామకం స్వరాజ్యానిదే. "నువ్వు టీచర్‌గ ఫెయిలైనవ్ గని టీచరమ్మా, పిల్లగ నీకు తిరుగులేదు," అని సోమలింగం ఆమెను ప్రత్యేకంగా అభినందించాడు. ఆమె కృతజ్ఞతలు తెలిపింది. ఉద్యోగం నిలబడింది. ఇంట్లో ఆ రాత్రి సేమ్యా పాయసం వండారు.

"అక్కా, నాకు సిగ్గయితుంది," అని హారతి ఆమెకు విడిగా ఫోన్ చేసింది. "మీ దగ్గరనే నేర్చుకున్న నేను. మిమ్మల్ని నిలబెట్టి ఎట్ల అడగాలె ఎక్కాలు?"

"అడుగు తల్లీ. ఎట్లనన్న నెల గడవాలె గదా. గట్టిగ మాత్రం అడుగకు, కడుపుల గుడ్‌గుడ్ అంటది."

ఆ తర్వాత హారతి నడిపిన ఈ ఆదర్శ తరగతి సాధించిన ప్రగతి గురించి ఎంత చెప్పినా తక్కువే. పిల్లలు ఎంతో చురుకైనవాళ్లు కావడంతో మూడో తరగతి ఉగాదికి, నాలుగో తరగతి వానాకాలానికి, ఐదో తరగతి దీపావళికి పూర్తయ్యాయి. తప్పులు నూటికి ముప్పై మించలేదు. కరోనా రెండో అల వచ్చి ఊరంతా ఆక్సిజన్ కోసం పరిగెత్తుతున్న రోజుల్లో కూడా హాజరు చెక్కుచెదరలేదు. అప్పుడే లక్ష్మీరాజం మాస్టారు ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన ఫొటోకు దండ వేసి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఓంకార్‌కు మాత్రం హాజరు వేయడం ఆపలేదు, ఎందుకంటే ఓంకార్‌కు ఏ జబ్బూ లేదు. వార్షిక పరీక్షల్లో హిమశ్రీ ప్రథమ స్థానంలో నిలిచింది. ఆమెకు బహుమతిగా ప్రకటించిన ట్యాబ్‌ను భద్రత దృష్ట్యా సంఘం బీరువాలో ఉంచారు. తర్వాత, శిక్షణ నిరంతర ప్రక్రియ కనుక, తరగతిని మళ్లీ మూడో తరగతి నుంచి ప్రారంభించారు.

2021 నవంబరు చివర్లో చిన్న తరగతులు కూడా తెరవవచ్చని అనుమతి వచ్చింది. ఆదర్శ తరగతి బడి భవనంలోకి మారింది. ఉపాధ్యాయులు మూడో తరగతి బెంచీల మీద మోకాళ్లు గడ్డాలకు తగిలేలా సర్దుకుని కూర్చున్నారు. బ్రహ్మచారి మొదటి రోజే కిటికీ పక్క చోటు తనదేనని గొడవపడి గెలిచాడు. అంతా సక్రమంగా సాగుతున్న సమయంలో అనుకోని ఆటంకం ఎదురైంది. గేటు దగ్గర పిల్లలు కనబడ్డారు.

అందరికన్నా ముందు బాలవ్వ నిలబడి ఉంది. మనవరాలికి తలకు నూనె రాసి, పొట్టి అయిపోయిన పాత యూనిఫాం కింద సల్వార్ వేసి, కోసాడ్ నుంచి రెండు బస్సులు మారి తీసుకొచ్చింది. అప్పుడు ఆఫీసు గదిలో సోమలింగం, వెంకటాచలం ఉన్నారు.

"హిమశ్రీ లోపలే ఉంది కదండీ," అన్నాడు వెంకటాచలం రికార్డు చూసి. "ఒక్క రోజు కూడా గైర్హాజరు లేదు."

"ఏందయ్యా నువ్వనేది? నా మనుమరాలు గిదే! నా పక్కన నిలబడ్డది నీకు కనవడ్తలేదా?" బాలవ్వ గొంతు పెంచింది. "నీకు తెల్వకుంటె టీచరమ్మను పిలువు. ఆమె మా ఇంటికొచ్చింది. ఆమె చెప్తది."

స్వరాజ్యాన్ని తరగతిలోంచి పిలిపించారు. వచ్చేటప్పుడు ఆమె అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర ఆగి "మే ఐ కమిన్ సార్" అంది. సోమలింగం ఆమెకు విషయం వివరించాడు. ఈ పిల్లే హిమశ్రీ అయితే తరగతిలో అసలు పిల్లల్ని కూర్చోబెట్టాల్సి ఉంటుంది. అసలు పిల్లలు కూర్చుంటే మాదిరి పిల్లల అవసరం ఉండదు. శాలువాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. "ఆలోచించి చెప్పు టీచరమ్మా. ఈ పిల్ల ఎవరు?"

హిమశ్రీ ఆమె వైపే చూస్తోంది. ఈసారి చెప్పుల వైపు కాదు.

జవాబు చెప్పేలోపు స్వరాజ్యం మనసు చాలా పనులు చేసింది. ఇంటి కిరాయిని తలచుకుంది. రవీంద్ర పొద్దున్నే లేచి, వెళ్లడానికి ఎక్కడా లేక, చొక్కా ఇస్త్రీ చేసుకోవడాన్ని తలచుకుంది. ఏడాది పాటు రోజూ "ప్రెజెంట్" అని పలికిన తన గొంతులో నిజంగా ఒక హిమశ్రీ ఉందేమోనని, అలాగైతే కాదనడం పూర్తి అబద్ధం కాదేమోనని ఒక తర్కాన్ని అల్లింది. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. అది బాగానే ఉంది, పోగు ఎక్కడా తెగలేదు. అంత బాగా కుదిరిందనే ఆమెకు భయం వేసింది.

"ఈమెనే హిమశ్రీ," అంది. "నేను కాదు. నేను టీచర్ని."

సోమలింగం కుర్చీలోంచి లేచి ఆమెకు చేతులు జోడించాడు.

"చూసిండ్రా వెంకటాచలం గారూ! నౌకరీ పోతదని తెలిసీ నిజం చెప్పింది. గిట్లాంటి టీచర్ను ఎట్ల పోగొట్టుకుంటం? ఈమె పోస్టు పక్కా!"

వెంకటాచలం కూడా ఏకీభవించాడు. ఆమె చెప్పినది సత్యమని, అందులో అనుమానం లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరూ వాదించలేదు. ఆ సత్యాన్ని పూర్తిగా అంగీకరించిన తర్వాత, తదుపరి అంశంగా, హిమశ్రీ ఐదో తరగతి దాకా ప్రథమ స్థానంలో ఉత్తీర్ణురాలైన కారణంగా, ఐదో తరగతితో ముగిసే ఈ బడిలో ఆమెకు తరగతి లేదని గుర్తించారు. పాసైన పిల్లను మళ్లీ కింది తరగతిలో కూర్చోబెట్టడం ఆ పిల్లకే అవమానమని సోమలింగం అన్నాడు. సర్టిఫికెట్ అప్పటికప్పుడు తయారైంది. బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర ఉన్నాయి. మిగతా పిల్లలకూ అదే సాయంత్రానికల్లా ఇచ్చేస్తామని ప్రకటించారు.

ఉద్యోగం పోలేదని తెలిసినప్పుడు స్వరాజ్యం ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికదనానికి తను సిగ్గుపడాలని ఆమెకు తెలుసు. సిగ్గు కోసం కొంతసేపు ఎదురుచూసింది కూడా.

బాలవ్వ సర్టిఫికెట్‌ను రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

"ఫస్టు నెంబరా? బడికి రాకుంటనే ఫస్టొచ్చింది. వచ్చుంటె ఏమైతుండెనో! వీళ్ల నాయిన చూస్తె కుష్ అయితడు. పా బిడ్డా, రెండు చీరలు మిగిలిపోయినయి."

గేటు బయట హిమశ్రీ ఆ కాగితాన్ని తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. స్వరాజ్యం వాళ్లను సాగనంపడానికి అంతదాకా వచ్చింది.

"హి... మ... శ్రీ. ఇది నా పేరు. గిదేంది టీచర్? ఉ... త... కింద ఏందో ఉంది."

"ఉత్తీర్ణురాలు."

"అంటె?"

"పాసైనవని."

"దేంట్ల పాసైన టీచర్?"

అప్పుడే లోపల గంట మోగింది. హారతి హాజరు మొదలుపెట్టింది. ఆమె గొంతు కిటికీలోంచి స్పష్టంగా వినవచ్చింది. దినేశ్ అన్న పేరుకు బ్రహ్మచారి హుషారుగా పలికాడు. ఓంకార్ అన్న పేరుకు కొంచెం ఆగి, టిక్కు పెట్టి ముందుకు వెళ్లింది.

"హిమశ్రీ!"

"ప్రెజెంట్ టీచర్!" అన్నారు గేటుకు ఇవతల ఇద్దరూ. స్వరాజ్యం పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లి తన చోటులో కూర్చుంది.

చదువరులు ఈ విషయమై ఆందోళన చెందనవసరం లేదు. తన సర్టిఫికెట్ తానే చదువుకోవడం హిమశ్రీకి రాదన్నది వాస్తవమే. కానీ ఇకముందు దాన్ని అడగబోయేవాళ్లు కూడా చదవరు. మీ సర్టిఫికెట్లను ఎవరైనా చివరిసారి చదివింది ఎప్పుడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జిరాక్సు తెచ్చారా అని మాత్రమే అడిగి ఉంటారు. మీరూ తెచ్చే ఉంటారు.